ఐదు వేల ఏళ్ళ సూది: ఆక్యుపంక్చర్ అసలు కథ



ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న కండని కుడిచేత్తో గట్టిగా నొక్కండి. కొంచెం జివ్వుమంటుంది కదా? "తలనొప్పి వస్తే ఇక్కడ నొక్కండి, ఐదు నిమిషాల్లో మాయం, ఇది ఐదు వేల ఏళ్ళ చైనా వైద్యం" అనే వీడియో మీ ఫోన్‌కి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఆ పాయింట్ పేరు హెగు.

నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టింది మాత్రం మా పెద్దమ్మ వల్ల. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఎవరో చెప్తే వెళ్ళి పది రోజులు సూదులు పెట్టించుకుంది. మెట్లు ఎక్కడం కొంచెం తేలికైంది, అది నేను కళ్ళారా చూశాను. కానీ అక్కడ సూదులు పెట్టే మనిషి "ఇంక షుగర్ మాత్రలు అక్కర్లేదమ్మా" అన్నాడట. ఆవిడ నమ్మి ఆపేసింది. ఇరవై రోజులు తిరక్కుండానే వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. హాస్పిటల్‌లో నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. నేను కోప్పడితే ఆవిడ ఒకటే మాట అడిగింది: "ఒరే, ఐదు వేల ఏళ్ళ నుంచి ఉందంటే అందులో ఏదో ఉండబట్టే కదరా?"

మంచి ప్రశ్నే. ఈ ఎపిసోడ్ అంతా దానికి జవాబు అనుకోండి.

మొదట ఈ ఐదు వేల ఏళ్ళ లెక్క ఎక్కడిదో చూద్దాం. చైనా వాళ్ళకి హువాంగ్‌ది అని ఒక పురాణ పురుషుడు ఉన్నాడు. పసుపు చక్రవర్తి అంటారు. ఆయన కాలం దాదాపు ఐదు వేల ఏళ్ళ కిందటిదని నమ్మకం. చైనా వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌ది నేయ్‌జింగ్' ఆయన పేరు మీదే ఉంది. అయితే ఆ పుస్తకం ఆయన రాసింది కాదు. హాన్ వంశం కాలంలో, అంటే సుమారు రెండు వేల ఏళ్ళ కిందట, అంతకుముందు నుంచి ఉన్న రకరకాల రాతలని కూర్చి తయారుచేసింది. గొప్ప పేరు పెడితే పుస్తకానికి విలువ వస్తుంది కదా, అదీ సంగతి.

దీనికి భూమిలోంచి ఒక సాక్ష్యం కూడా దొరికింది. 1970ల మొదట్లో హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా నగరం దగ్గర, మావాంగ్‌దుయ్ అనే చోట మూడు సమాధులు తవ్వారు. అందులో ఒకటి క్రీ.పూ. 168లో మూసింది. దాంట్లో పట్టుబట్ట మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. శరీరంలో పదకొండు నాళాలు ఉంటాయని వాటిలో ఉంది. తర్వాతి పుస్తకాల్లో అవి పన్నెండు అయ్యాయి. ఇంకో ముఖ్యమైన విషయం ఏంటంటే, ఆ నాళాల మీద వేడి పెట్టి వైద్యం చేయడం గురించి ఉంది గానీ సూదులు గుచ్చడం గురించి లేదు. అంటే అప్పటికి సూది పద్ధతి ఇంకా స్థిరపడలేదన్నమాట.

ఆ వేడి పెట్టే పద్ధతిని మోక్సా అంటారు. ఎండిన ఆకుని దూదిలా నలిపి, చిన్న ఉండ చేసి, చర్మం మీదో దగ్గరగానో వెలిగిస్తారు. మనవైపు పల్లెల్లో వాతలు పెట్టడం గుర్తొచ్చిందా? ఆ ఆకు కూడా మనకి పరాయిది కాదు. వినాయక చవితి పత్రిలో మాచీపత్రం ఉంటుంది చూడండి, దాని జాతి మొక్కే. ఈ మొక్క మాట గుర్తు పెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

సూదులు ఎలా మొదలయ్యాయి? పాత గ్రంథాల్లో తొమ్మిది రకాల సూదులు చెప్పారు. వాటిలో కొన్ని చీము గడ్డలు కోయడానికి, కొన్ని చెడు రక్తం తీయడానికి. ఇప్పుడు వాడే వెంట్రుకలాంటి సన్నని సూదిని ఊహించుకుంటే పొరపాటే, చిన్న చాకుల్లాంటివీ ఉండేవి. సిద్ధాంతం ఏంటంటే, ఒంట్లో 'చీ' అనే శక్తి నాళాల్లో పారుతుంది, అది ఎక్కడైనా ఆగితే జబ్బు. క్రీ.పూ. 221లో చైనా మొదటిసారి ఒకే సామ్రాజ్యం కింద ఏకమైంది. ఆ తర్వాత కాలంలో తయారైన ఈ గ్రంథంలో శరీరం కూడా ఒక రాజ్యంలాగే కనిపిస్తుంది. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి. నాళాలు నదులూ కాలువల్లాంటివి. కాలువ పూడిపోతే ఊరికి నీళ్ళు రానట్టే, నాళం మూసుకుపోతే నొప్పి. కోసి చూసి చెప్పింది కాదు ఇది, తమ చుట్టూ ఉన్న లోకాన్ని చూసి ఊహించింది. మన వాత పిత్త కఫాలు ఎలాగో, వాళ్ళకి యిన్, యాంగ్, చీ అలాగ.

సాంగ్ వంశం కాలంలో, 1027 ప్రాంతంలో, వాంగ్ వేయ్‌యీ అనే రాజవైద్యుడు మనిషంత ఎత్తు కంచు బొమ్మలు చేయించాడు. ఒంటినిండా సూదులు పెట్టే చోట్ల చిల్లులు. పరీక్ష రోజున బొమ్మకి పైన మైనం పూసి, లోపల నీళ్ళు పోసేవారట. విద్యార్థి సరైన చోట గుచ్చితే నీళ్ళు బయటికి వస్తాయి. ప్రాక్టికల్స్ అంటే ఇదీ!

అయితే ఒక విషయం చాలామందికి తెలియదు. చైనా వైద్యంలో పెద్దపీట సూదులది కాదు, మూలికలది. 1578లో లీ షిజెన్ అనే వైద్యుడు దాదాపు ముప్ఫై ఏళ్ళు కష్టపడి 'బెన్‌సావో గాంగ్‌మూ' అనే మహాగ్రంథం పూర్తి చేశాడు. అందులో 1,892 మందు పదార్థాలు, సుమారు 11,000 యోగాలు ఉన్నాయి. చదువుకున్న పెద్ద వైద్యులు నాడి చూసి మందు చీటీ రాసేవాళ్ళు. సూదులు గుచ్చడం రానురాను తక్కువ పనిగా, వీధి వైద్యుల పనిగా మారింది. చివరికి 1822లో చింగ్ వంశపు దావోగువాంగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్య సంస్థ నుంచి ఆక్యుపంక్చర్‌ని తీసేయమని ఉత్తర్వు ఇచ్చాడు. చూశారా, ఆక్యుపంక్చర్‌ని మొదట కాదన్నది తెల్లవాళ్ళు కాదు, ఇంగ్లీషు డాక్టర్లు కాదు. చైనా చక్రవర్తే.

ఇక ఇరవయ్యో శతాబ్దం. ఇక్కడి నుంచి కథ వేడెక్కుతుంది.

చైనా ఆధునిక సాహిత్యంలో లు షున్ చాలా పెద్ద పేరు. ఆయన చిన్నప్పుడు తండ్రికి జబ్బు చేసింది. ఇంట్లో బట్టలు, నగలు తాకట్టు కొట్టుకి మోయడం, ఆ డబ్బుతో మందుల కొట్టుకి పరిగెత్తడం, ఏళ్ళ తరబడి ఆ పిల్లాడి పని ఇదే. వైద్యుడు రాసే మందులు మామూలువి కావు. మూడేళ్ళు మంచు తిన్న చెరకు తేవాలి. జంట కీచురాళ్ళు తేవాలి, అవి కూడా మొదటి నుంచీ ఒకే కలుగులో కాపురం ఉన్న జంట అయి ఉండాలి! తండ్రి 1896లో చనిపోయాడు. ఆ కసితో లు షున్ డాక్టర్ చదువు కోసం జపాన్ వెళ్ళాడు. తర్వాత రచయిత అయ్యాడు గానీ, సంప్రదాయ వైద్యం మీద కోపం జీవితాంతం పోలేదు.

1910-11 చలికాలంలో మంచూరియాలో న్యుమోనిక్ ప్లేగు వచ్చింది. సుమారు 60,000 మంది పోయారు. మలయాలో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివిన వు లియెన్‌తే అనే యువ డాక్టర్‌ని ప్రభుత్వం పంపింది. ఇది గాలి ద్వారా సోకుతోందని ఆయన గుర్తించి, గుడ్డ మాస్కులు కట్టించి, రైళ్ళు ఆపించి, శవాలు దహనం చేయించాడు. జబ్బు ఆగింది. నాళాలు, చీ సిద్ధాంతం అక్కడ పనికిరాలేదు. ప్రజారోగ్యం అంటే ఏంటో చైనా ప్రభుత్వానికి అప్పుడు అర్థమైంది.

ఈ నేపథ్యంలోనే 1929లో, జపాన్‌లో వైద్యం చదివిన యు యున్‌షియు అనే డాక్టర్ నేషనలిస్ట్ ప్రభుత్వం ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు: పాత వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలి. ఇంకేముంది! మార్చి 17న దేశం నలుమూలల నుంచి వైద్యులు, మందుల వ్యాపారులు షాంఘైలో సమావేశమయ్యారు. ప్రతిపాదన అమలు కాలేదు. అయితే వాళ్ళకి కూడా ఒకటి తెలిసొచ్చింది: మా తాతలు చేశారు కాబట్టి మేమూ చేస్తాం అంటే ఇక కుదరదు. అందుకే కాలేజీలు పెట్టారు, పత్రికలు నడిపారు, పాఠ్యపుస్తకాలు రాశారు.

వాళ్ళలో చెంగ్ దాన్‌ఆన్ అనే ఆయన ముఖ్యుడు. మీరు ఈరోజు చూసే ఆక్యుపంక్చర్‌కి రూపం ఇచ్చినవాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది. 1930లలో ఆయన పాత పాయింట్లని ఆధునిక శరీరశాస్త్రంతో పోల్చి చూశాడు. రక్తనాళాల మీద పడే పాయింట్లని పక్కకి జరిపాడు, నరాల దారులతో కలిపి చెప్పాడు. లావు సూదుల బదులు సన్న సూదులు, శుభ్రత. అంటే ఐదు వేల ఏళ్ళ నాటిది అనుకుంటున్న ఆ సూది, ఇప్పుడున్న రూపంలో మన తాతల వయసుది!

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. జనాభా యాభై కోట్లు దాటింది. ఆధునిక డాక్టర్లు చూస్తే వేలల్లోనే. సంప్రదాయ వైద్యులు లక్షల్లో. లెక్క మీరే వేసుకోండి. మొదట్లో వాళ్ళకి ఆధునిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. 1954 నుంచి గాలి మళ్ళింది, ఆధునిక డాక్టర్లే చైనా వైద్యం నేర్చుకోవాలన్నారు. 1956లో బీజింగ్, షాంఘై, గువాంగ్‌జౌ, చెంగ్‌దూలలో నాలుగు కాలేజీలు పెట్టారు. అప్పటిదాకా ఊరికో పద్ధతి, గురువుకో మాటగా ఉన్న వైద్యాన్ని ఒకే సిలబస్‌గా కుదించారు. 1958లో మావో చైనా వైద్యాన్ని గొప్ప నిధి అని పొగిడాడు. మరి ఆయన స్వయంగా వాడేవాడా? మావో సొంత డాక్టర్ లీ జిసుయ్ తర్వాత రాసిన జ్ఞాపకాల ప్రకారం, ప్రచారం చేయాలి గానీ తనకి దాని మీద నమ్మకం లేదని, ఆ మందులు వేసుకోనని మావో ఆయనతో చెప్పాడట.

మన దేశానికి సూది వచ్చింది కూడా ఈ కాలంలోనే. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకి కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లని పంపింది. అక్కడే ప్రాణాలు వదిలిన కోట్నీస్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఐదుగురిలో ఇంకొకరు కలకత్తాకి చెందిన బి.కె. బసు. ఆయన 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. గమనించండి, ఆయన ముందుగా ఎంబీబీఎస్ లాంటి చదువు చదివిన డాక్టర్.

1965 తర్వాత పల్లెలకి వైద్యం తీసుకెళ్ళమని మావో ఆదేశించాడు. అప్పుడు వచ్చినవాళ్ళే 'బేర్‌ఫుట్ డాక్టర్లు', చెప్పుల్లేని డాక్టర్లు. రైతుకూలీల పిల్లలకి కొన్ని నెలల శిక్షణ ఇచ్చి పంపేవారు. మన ఊళ్ళలో ఆర్ఎంపీలని గుర్తు చేసుకోండి, కాకపోతే వీళ్ళది ప్రభుత్వ శిక్షణ. 1970ల మధ్యకి పది లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళ సంచిలో సూదులు, మూలికలు ఉండేవి. టీకాలు, యాంటీబయాటిక్స్ కూడా ఉండేవి. ఫోటోల్లో సూదే కనపడేది. ప్రాణాలు కాపాడిన దాంట్లో టీకాలకీ, మంచినీళ్ళకీ, మరుగుదొడ్ల శుభ్రతకీ పెద్ద వాటా ఉంది.

ఇప్పుడు అమెరికా వంతు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్ట్ జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. అక్కడే ఆపరేషన్ చేశారు. "మత్తు లేకుండా, ఒట్టి సూదులతోనే ఆపరేషన్ చేశారు" అని ఇప్పటికీ వీడియోల్లో చెప్తుంటారు. అది తప్పు. రెస్టన్ తనే రాశాడు: ఆపరేషన్‌కి మామూలు మత్తు ఇంజెక్షన్లే ఇచ్చారు. తర్వాత రెండో రోజు రాత్రి కడుపు ఉబ్బరంగా ఉంటే, మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సూదులు పెట్టారు, పొట్ట దగ్గర మోక్సా వెలిగించారు. గంటలోపు ఉపశమనం వచ్చింది, అంతే. కానీ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్ళడంతో అమెరికా అంతా సూదుల పిచ్చి పట్టుకుంది. సూదులతో మత్తు అని చైనా చూపించిన చాలా ఆపరేషన్లలో మందులు కూడా వాడారని తర్వాత బయటపడింది.

ఆగండి, అయితే ఇదంతా మోసమేనా? కాదు. మాచీపత్రం జాతి మొక్క మాట మళ్ళీ వస్తుందన్నాను కదా, ఇదిగో వచ్చింది.

1967 మే 23న చైనా సైన్యం ఒక రహస్య ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. తేదీ పేరే దానికి పెట్టారు, ప్రాజెక్ట్ 523. వియత్నాం అడవుల్లో సైనికులు మలేరియాతో పోతున్నారు, మందు కావాలి. తు యౌయౌ అనే పరిశోధకురాలి బృందం పాత గ్రంథాలు తిరగేసి రెండు వేలకు పైగా యోగాలు పోగు చేసింది. చింగ్‌హావో అనే మొక్క మొదట ఆశ పెట్టింది, తర్వాత పరీక్షల్లో తేలిపోయింది. అప్పుడు నాలుగో శతాబ్దానికి చెందిన గె హాంగ్ పుస్తకంలో ఒక మాట ఆవిడ కంట పడింది: జ్వరానికి ఈ మొక్కని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలని. మరిగించమని లేదు! వేడికి మందు చచ్చిపోతోందేమో అని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబర్‌లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. మనుషులకి ఇచ్చే ముందు తనూ, సహచరులూ తాగి చూశారు. అదే ఆర్టెమిసినిన్. లక్షల ప్రాణాలు కాపాడింది, 2015లో ఆవిడకి నోబెల్ తెచ్చింది.

అదే పుస్తకంలో ఇంకా ఎన్నో చిట్కాలు ఉన్నాయి. వాటిని వదిలి దీన్ని మనం ఎందుకు నమ్ముతున్నాం? పాతదని కాదు, పరీక్షలో నిలబడింది కాబట్టి.

సూదులకీ అలాంటి పరీక్ష పెట్టారు. 2007లో జర్మనీలో ఏళ్ళ తరబడి నడుము నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి శాస్త్రం ప్రకారం సూదులు. రెండో భాగానికి దొంగ సూదులు, అంటే పాయింట్లు కాని చోట్ల పైపైన గుచ్చడం. మూడో భాగానికి మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తర్వాత తేలిక అన్నవాళ్ళు: అసలు సూదుల్లో 47.6 శాతం, దొంగ సూదుల్లో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం.

ఈ మూడు అంకెలనీ కలిపి చూడాలి. సూదులు పెట్టించుకున్నవాళ్ళకి నిజంగానే మేలనిపించింది. కానీ ఎక్కడ గుచ్చారన్నది పెద్దగా తేడా తేలేదు. అంటే నాళాల పటం కంటే సూది స్పర్శ, అరగంట పడుకోవడం, మన మాట ఓపిగ్గా వినే మనిషి, తగ్గుతుందన్న ఆశ, ఇవన్నీ ఎక్కువ పని చేస్తున్నాయేమో. 2012లో 29 పరీక్షల్లోని దాదాపు 18,000 మంది వివరాలు కలిపి చూశారు. నడుము, మెడ, మోకాళ్ళు, తలనొప్పి లాంటి దీర్ఘకాల నొప్పులకి అసలు సూదులు దొంగ సూదుల కంటే కాస్త మెరుగే, తేడా మాత్రం చిన్నదని తేలింది. ఇదంతా నొప్పి గురించి. షుగర్‌ని, బీపీని, క్యాన్సర్‌ని సూది నయం చేస్తుందని ఈ పరీక్షల్లో ఎక్కడా లేదు.

మూలికలతో ఇంకా జాగ్రత్త. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక స్లిమ్మింగ్ క్లినిక్‌లో చైనా మూలికల పొడి ఇచ్చారు. పేర్లు దగ్గరగా ఉండే రెండు మూలికల్లో ఒకదాని బదులు ఇంకోటి పడింది. దానిలో ఉన్న అరిస్టోలోకిక్ యాసిడ్ వల్ల దాదాపు వంద మంది ఆడవాళ్ళకి కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత క్యాన్సర్ కూడా వచ్చింది. సహజమైనది కదా, హాని చేయదు అనుకున్నారు వాళ్ళు కూడా.

పెద్దమ్మకి ఈ కథంతా కూర్చోబెట్టి చెప్పాను. "పెద్దమ్మా, నొప్పి తగ్గిందంటే నేను కాదనను. కావాలంటే మళ్ళీ వెళ్ళు. కానీ ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకుని వెళ్ళు. సూది నీ ముందే కొత్త ప్యాకెట్ విప్పి తీయాలి. పేరు చెప్పని పొడి ఏదిచ్చినా తీసుకోవద్దు. మాత్రలు ఆపమంటే మాత్రం, అక్కడ నుంచి లేచి వచ్చేయ్" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఆ జంట కీచురాళ్ళు దొరికాయా వాళ్ళకి?" అని అడిగింది. అన్నిట్లోకి ఆవిడకి అదే గుర్తుండిపోయింది. నవ్వుకున్నాం. మాత్రల డబ్బా మాత్రం ఇప్పుడు ఫ్రిజ్ పైన, ఎదురుగా కనపడేలా పెట్టుకుంటోంది.

మీరు కూడా మామూలు తలనొప్పికి బొటనవేలి దగ్గర నొక్కుకుంటే నొక్కుకోండి, పోయేదేం లేదు. కానీ ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి ఒక కాలు పట్టు తప్పినా వీడియోలు చూస్తూ కూర్చోకండి. వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.

మీ ఇంట్లో కూడా మాత్రలు ఆపేసిన పెద్దవాళ్ళు ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్ళ పక్కన కూర్చుని చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను, నమస్కారం.